నొప్పి మాటకు చెవి ఒగ్గే వైద్యం

1944వ సంవత్సరం ఆరంభంలో ఇటలీ దేశపు అంజియో తీరాన ఘోరమైన పోరు సాగింది. ఆ రణరంగంలోని సైనిక వైద్యశిబిరాలలో హెన్రీ బీచర్ అనే అమెరికన్ మత్తువైద్య నిపుణుడు పనిచేసేవారు. ఎముకలు నుజ్జయినవారిని, పొట్టలో తూటా దిగినవారిని, రొమ్ము చీలినవారిని ఆయన వద్దకు మోసుకువచ్చేవారు. తీవ్రంగా గాయపడిన రెండువందలమందికి పైగా సైనికులను ఆయన ఒకే విషయం అడిగి రాసుకున్నారు: నొప్పికి మందు కావాలా, వద్దా? 1946లో ప్రచురించిన ఆ లెక్క వైద్యలోకాన్ని విస్మయపరచింది. రమారమి నలుగురిలో ముగ్గురు తమకు మందు అక్కరలేదన్నారు. వారు స్పృహ తప్పినవారు కారు, ఒళ్ళు మొద్దుబారినవారూ కారు. నరం దొరకక సూది వంకరగా గుచ్చితే అందరివలెనే విసుక్కునేవారు.

యుద్ధానంతరం స్వదేశంలో శస్త్రచికిత్స చేయించుకున్న సామాన్య పౌరులను బీచర్ అదే ప్రశ్న అడిగారు. వారి గాయాలు సైనికుల గాయాలకంటె చాలా చిన్నవి, పద్ధతి ప్రకారం కోసి కుట్టినవి. అయినా నూటికి ఎనభైమందికి పైగా మందు కావాలన్నారు. ఈ తారతమ్యం ఎందుకు? సైనికునికి ఆ గాయం యుద్ధభూమినుంచి ఇంటికి దారి చూపిన గాయం. ప్రాణాలతో బయటపడ్డానన్న ఊరట దానితో ముడిపడి ఉన్నది. పౌరునికి శస్త్రచికిత్స అంటే ఆగిపోయిన సంపాదన, రేపటిని గురించిన దిగులు. గాయం ఎంత పెద్దదన్నదానికంటె, ఆ గాయం తన బ్రతుకులో దేనికి సంకేతమన్నదే నొప్పిని ఎక్కువగా నిర్ణయిస్తున్నదని బీచర్ అభిప్రాయపడ్డారు.

దీనికి సరిగ్గా ఎదురైన ఉదంతం 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఇరవైతొమ్మిదేళ్ళ భవననిర్మాణ కార్మికుడొకడు పైనుంచి దూకి పదిహేను సెంటీమీటర్ల మేకు మీద కాలు మోపాడు. మేకు బూటును చీల్చుకుని పైకి వచ్చింది. ఏమాత్రం కదిలించినా అతడు విలవిలలాడిపోవడంతో, ఆసుపత్రిలో మత్తుమందులిచ్చి మేకును లాగివేశారు. బూటు విప్పి చూస్తే పాదానికి గాటైనా లేదు. మేకు వేళ్ళ సందులోనుంచి దూసుకుపోయింది!

అతడు నటించాడా? లేదు. అతడు అనుభవించిన నొప్పి అక్షరాలా నిజం. లేనిది గాయం మాత్రమే. ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన ఉంచి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. గాయాన్ని చూసి నొప్పిని లెక్కకట్టడం సాధ్యం కాదు. జ్వరానికి థర్మామీటరు ఉన్నది, రక్తపోటుకు యంత్రం ఉన్నది. నొప్పికి మాత్రం నేటికీ రోగి నోటిమాటే ప్రధానమైన కొలమానం. అటువంటప్పుడు వైద్యుడూ రోగీ మాట్లాడుకునే తీరు మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. అది రోగనిర్ణయంలో భాగం, చికిత్సలో భాగం కూడా.

గాయం మానినా మానని నొప్పి

మూడు మాసాలకు మించి నిలిచినా, పదేపదే తిరగబెట్టినా దానిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. నడుము, మెడ, మోకాలు, తల, ఒళ్ళంతా — ఎక్కడైనా అది తిష్ఠ వేయవచ్చును. దెబ్బ తగిలినప్పుడు కలిగే నొప్పి ఒంటికి కాపలా. నిప్పుమీదనుంచి చెయ్యి తీయమనీ, విరిగిన కాలు కదపవద్దనీ అది హెచ్చరిస్తుంది. ఏళ్ళ తరబడి నిలిచిన నొప్పిలో ఈ హెచ్చరిక ప్రయోజనం చాలాసార్లు మిగలదు. గంట మాత్రం మోగుతూనే ఉంటుంది.

నొప్పి అంటే గంటకు కట్టిన తాడువంటిదని 17వ శతాబ్దంలో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ వర్ణించారు. కాలివద్ద తాడు లాగితే మెదడులో గంట మోగుతుంది. ఎంత బలంగా లాగితే అంత గట్టిగా మోగుతుంది. ఈ భావన మూడువందల ఏళ్ళు వైద్యాన్ని శాసించింది. 1965లో కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త రోనాల్డ్ మెల్జాక్, ఆంగ్ల నాడీశాస్త్రవేత్త పాట్రిక్ వాల్ కలిసి దీనిని త్రోసిపుచ్చారు. వెన్నుపాములో ఒక ద్వారం వంటి ఏర్పాటు ఉన్నదనీ, కిందనుంచి వచ్చే స్పర్శలూ, పైన మెదడునుంచి దిగే ఆజ్ఞలూ కూడా ఆ ద్వారాన్ని తెరవగలవు, మూయగలవనీ వారు ప్రతిపాదించారు. పిల్లవాడి కాలికి రాయి తగిలితే తల్లి ఆ చోటును నిమిరి, ఉఫ్ అని ఊది, ‘పోయిందిలే నాన్నా’ అంటుంది. ఏడుపు ఆగుతుంది. ఆ తల్లి పిల్లవాడిని మభ్యపెట్టడం లేదు. స్పర్శతో కిందనుంచీ, ధైర్యంతో పైనుంచీ ఆ ద్వారాన్ని మూస్తున్నది. ఆ సిద్ధాంతంలోని వివరాలు కొన్ని తరువాత సవరణకు గురైనా, మూలసూత్రం నిలిచింది.

1983లో క్లిఫర్డ్ వుల్ఫ్ మరొక సంగతి నిరూపించారు. గాయంవల్ల పదేపదే సంకేతాలు అందుకున్న వెన్నుపాము తానే మారిపోతుంది, చిన్న స్పర్శకు సైతం పెద్దగా స్పందించడం మొదలుపెడుతుంది. ఒకసారి దొంగలు పడిన ఇంటి కుక్క ఆ తరువాత ఆకు కదిలినా మొరుగుతుంది. కుక్కది తప్పు కాదు. దాని మొరుగుడు అబద్ధమూ కాదు. అయితే ప్రతి మొరుగుడుకూ దొంగ ఉన్నాడనుకుని ఇల్లంతా వెదికితే నిద్ర కరువగునే కాని దొంగ దొరకడు.

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లోరిమర్ మోస్లీ తన అనుభవాన్నే ఇందుకు దృష్టాంతంగా చెబుతూ ఉంటారు. ఒకసారి ఆయన అడవిలో నడుస్తుండగా చీలమండ వద్ద ఏదో గీరుకున్నట్టయింది. పుల్ల అనుకుని కాలు విదిల్చి ముందుకు సాగారు. అది పుల్ల కాదు. ఆ దేశంలోని అతి విషపూరితమైన సర్పాలలో ఒకటి. చావు తప్పి బయటపడ్డారు. కొన్ని మాసాల తరువాత మళ్ళీ అడవికి వెళ్ళినప్పుడు అదే కాలికి ఏదో గీరుకున్నది. భరించరాని నొప్పితో కూలబడిపోయారు. వెంట ఉన్నవారు చూస్తే కాలిమీద ఉన్నది చిన్న పుల్లగీత!

చీకటిలో తాడును చూసి పామనుకునే రజ్జుసర్పభ్రాంతిని మన వేదాంతులు తరతరాలుగా దృష్టాంతంగా చెబుతున్నారు. అక్కడ పాము లేదు. కాని చూచినవాని గుండెదడ ఉన్నది, చెమట ఉన్నది, వెనుకకు వేసిన అడుగు ఉన్నది. దీర్ఘకాలిక నొప్పితో బాధపడేవారికి వైద్యులు వివరించవలసినది ఇదే. నొప్పి నిజం. అయితే నొప్పి ఉన్నంతమాత్రాన లోపల ఏదో తెగిపోతున్నదనీ, అరిగిపోతున్నదనీ అర్థం కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ మాట చెప్పే ముందు వైద్యుడు రోగిని స్వయంగా పరీక్షించాలి. నడుమునొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కాళ్ళలో పట్టు తప్పడం, తొడలమధ్య స్పర్శ పోవడం, మలమూత్రాలు అదుపు తప్పడం వంటివి ఉంటే ఆలస్యం కూడదు. క్షయ, క్యాన్సర్, నరాలమీద ఒత్తిడి వంటివి ఉన్నవో లేవో తేల్చుకోవాలి. అవి లేవని నిర్ధారణ అయిన తరువాతనే అసలు సంభాషణ మొదలవుతుంది.

తొంభైరెండు సెకండ్లు

రోగి చెప్పేది వినడానికి ఎంతసేపు పడుతుంది? చాలామంది వైద్యులు దీనికి భయపడతారు. ఒకసారి మొదలుపెట్టనిస్తే ఆపరేమోనని వారి అనుమానం. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 74 సంప్రదింపులను రికార్డు చేసి పరిశీలించారు. రోగి నోరు తెరిచిన సగటున 18 సెకండ్లకే వైద్యుడు అడ్డుపడ్డాడు. తాము చెప్పదలచినది మొదట పూర్తిగా చెప్పగలిగినవారు నూటికి 23 మంది మాత్రమే.

2002లో స్విట్జర్లాండులోని బాసెల్ నగర వైద్యులు దీనికి విరుద్ధమైన ప్రయోగం చేశారు. రోగి తనంత తాను ఆపేవరకు మధ్యలో మాట్లాడకూడదని నియమం పెట్టుకున్నారు. 335 మంది రోగులు సగటున మాట్లాడినది 92 సెకండ్లు. నూటికి 78 మంది రెండు నిమిషాలలోపే ముగించారు. అయిదు నిమిషాలు దాటినవారు ఏడుగురే. వారు చెప్పినది కూడా అవసరమైన విషయమేనని ఆ వైద్యులు ఒప్పుకున్నారు.

మన దేశంలో ఆ తొంభైరెండు సెకండ్లు కూడా గొప్ప వరమే. వివిధ దేశాలలో వైద్యుడు రోగికి కేటాయించే కాలాన్ని పోల్చిన అధ్యయనమొకటి 2017లో వెలువడింది. స్వీడన్‌లో అది ఇరవైరెండున్నర నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకండ్లు. భారతదేశంలో సుమారు రెండు నిమిషాలు. ప్రభుత్వాసుపత్రి ముందు బారులు తీరిన వందలమందిని చూచినవారెవరూ ఇందుకు వైద్యుని ఒక్కనినే నిందించలేరు. కాని రెండు నిమిషాలలో అర్థం కాని నొప్పి ఏళ్ళ తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతుంది. ఒక వైద్యుడు విననిదాన్ని పదిమంది వైద్యులు పది స్కానింగులలో వెదుకుతారు. అప్పు పెరుగుతుంది. నొప్పిమాత్రలు ఏళ్ళకు ఏళ్ళు మింగినందువల్ల కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఆదా చేసిన నిమిషాలకు చివరకు మూల్యం చెల్లించేది రోగి కుటుంబమే.

ఇన్ని మాటలూ ఒక్క మాటయ్యే చోటు

షేక్‌స్పియర్ భాషలో ప్రేమకు పలుకుబళ్ళు కొల్లలుగా ఉన్నాయి కాని తలనొప్పిని వర్ణించబోతే భాష ఎండిపోతుందని ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ 1926లో అనారోగ్యంపై రాసిన వ్యాసంలో వాపోయారు. మెల్జాక్ ఈ లోటును మరొక వైపునుంచి చూశారు. రోగుల నోట వినిపించే మాటలనే ఏరి, వర్గీకరించి, 1975లో మెగిల్ ప్రశ్నావళిని రూపొందించారు. ఇరవై వర్గాలలో 78 మాటలు. నొప్పి ఎంత అన్నదేకాక, ఎటువంటిది అన్నది కూడా ఆ మాటలు చెబుతాయి.

తెలుగువారికి ఈ విషయంలో కరువు లేదు. పంటికి పోటు, కురుపుకు సలుపు, కాళ్ళకు తీపులు, కంటికి మంట, కడుపుకు నులినొప్పి. నడుము కలుక్కుమంటుంది, మెడ పట్టేస్తుంది, పిక్కలు పీకుతాయి, నరం జివ్వుమంటుంది, అరికాలు చురచురలాడుతుంది. తెలంగాణలో కాళ్ళు గుంజుతాయి. సూదులతో గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు కొట్టినట్టు, మెలిపెట్టినట్టు, తొలిచినట్టు — ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. చదువురాని ముసలమ్మ సైతం వీటిలో ఒకదానికి బదులు మరొకటి వాడదు.

అయితే వైద్యవిద్య ఆంగ్లంలో సాగుతుంది. కేసుషీటు ఆంగ్లంలో రాయబడుతుంది. రోగి నోట పోటుగానో, సలుపుగానో, తీపుగానో బయలుదేరినది కాగితం మీదికి చేరేసరికి ‘పెయిన్’ అనే ఒక్క మాటగా కుదించుకుపోతుంది. ఈ అనువాదంలో పోయేది భాషాసౌందర్యం కాదు, రోగలక్షణం. మంట, తిమ్మిరి, సూదులు గుచ్చినట్టుండటం, కరెంటు కొట్టినట్టుండటం — ఇవి నరాలు దెబ్బతిన్నందువల్ల కలిగే నొప్పికి సూచనలు. మధుమేహ రోగి అరికాళ్ళలో మంట అంటే దానికి వాడవలసిన మందులు వేరు. మామూలు నొప్పిమాత్రలు దానిమీద అంతగా పనిచేయవు. మాట మారితే మందు మారుతుంది.

అంకెల సంగతీ ఇంతే. సున్నానుంచి పదివరకు నొప్పికి ఎన్ని మార్కులని అడగడం నేడు అన్నిచోట్లా వాడుక. 1990లలో అమెరికాలో నొప్పిని నాడి, ఉష్ణోగ్రత, శ్వాస, రక్తపోటుల సరసన అయిదవ ప్రాణలక్షణంగా నమోదు చేయాలన్న ఉద్యమం సాగింది. సంకల్పం మంచిదే. కాని అంకె అడగడం తేలిక, దాని వెనుకనున్న కథ వినడం కష్టం. అంకె ఎక్కువైతే మాత్ర పెంచడం అలవాటైంది. నల్లమందు జాతి ఔషధాల వాడకం ఆ దేశంలో విపరీతంగా పెరగడానికి ఇదొక కారణమన్న విమర్శలు చెలరేగాయి. 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆ విధానాన్ని విడనాడాలని తీర్మానించింది.

మన రోగులలో పలువురికి పదికి ఏడు అన్న లెక్క మింగుడుపడదు. కాని హైదరాబాదు వీధులలో ‘బారాణా తగ్గింది, ఇంకా చారాణా ఉన్నది’ అన్న మాట నేటికీ వినవస్తుంది. రూపాయిలో ఎంత తగ్గిందని అడిగితే జవాబు ఇట్టే వస్తుంది. అంతకంటె మేలైన ప్రశ్న ఇంకొకటి ఉన్నది: ఈ నొప్పి మీచేత ఏ పని మాన్పించింది? నొప్పి రోగినుంచి ఏమి తీసుకుపోయిందో ఆ జవాబులో తెలుస్తుంది.

మాటే గాయమైనప్పుడు

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. చీరాల ప్రాంతంలో కండెలు చుట్టే యాభై ఏళ్ళ స్త్రీ. మూడేళ్ళుగా నడుమునొప్పి. వైద్యుడు ఫిలిమును దీపానికి ఎత్తి చూసి, “గుజ్జు అరిగిపోయిందమ్మా. కింద కూర్చోకూడదు, వంగకూడదు, బరువులెత్తకూడదు. ఈ మందులు వాడు” అన్నాడనుకుందాం. ఆయన ఉద్దేశం మంచిదే. ఆమెకు వినిపించినదేమిటి? అరిగిపోయినది మళ్ళీ రాదు. కండెలు చుట్టేది కింద కూర్చునే. కనుక బ్రతుకుతెరువు పోయింది. ఆనాటినుంచి ఆమె వంగడం మానుతుంది, నడక తగ్గిస్తుంది, మంచం పడుతుంది. కదలని నడుము మరింత బిగుసుకుంటుంది. నొప్పి పెరుగుతుంది. గుజ్జు ఇంకా అరిగిందన్న నమ్మకం బలపడుతుంది.

నిజానికి ఆ ఫిలిము చెప్పినదేమిటి? 1994లో అమెరికాలో నడుమునొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. సగానికి పైగా మందిలో కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉన్నది. 2015లో నొప్పి ఎరుగని మూడువేలమందికి పైగా జనుల చిత్రాలను క్రోడీకరించిన సమీక్ష ప్రకారం, ఇరవై ఏళ్ళవారిలోనే నూటికి 37 మందికి డిస్కు అరుగుదల కనిపించింది. యాభై ఏళ్ళకు అది 80, ఎనభై ఏళ్ళకు 96. తల నెరవడం ఎటువంటిదో ఈ అరుగుదల చాలావరకు అటువంటిదే. నెరిసిన జుట్టును చూపి తలనొప్పికి కారణం ఇదేనని ఎవరూ అనరు.

దీనికి రెండవ అంచున మరొక మాట పొంచి ఉన్నది. స్కానింగులో ఏమీ కనిపించకపోతే, “నీకేమీ లేదు, అంతా మనసులోనే ఉన్నది, టెన్షన్ తగ్గించుకో” అనడం. మొదటి మాట రోగిని భయపెడుతుంది, రెండవది అవమానిస్తుంది. అబద్ధాలకోరునన్నారని రోగి కుమిలిపోతాడు. స్త్రీలకు ఈ అవమానం మరీ తరచు. పని ఎగవేతకు సాకు అని అత్తగారింట అంటారు, ఆసుపత్రిలోనూ దాదాపు అదే వినవలసివస్తుంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించి 2022లో అమలులోకి తెచ్చిన రోగాల వర్గీకరణలో, వేరే ఏ రోగంతోనూ వివరించలేని దీర్ఘకాలిక నొప్పికి ప్రత్యేకమైన పద్దు కేటాయించారు. అంటే నొప్పి తానే ఒక రోగం కావచ్చునని శాస్త్రం అంగీకరించింది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979నాటి తన నిర్వచనాన్ని 2020లో సవరిస్తూ, నొప్పిగా ఉన్నదని ఎవరైనా చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని స్పష్టం చేసింది.

ఎలా మాట్లాడవచ్చును?

అదే స్త్రీ, అదే ఫిలిము. వైద్యుడు వేరుగా మాట్లాడాడనుకుందాం.

“మొదటినుంచీ చెప్పండమ్మా, వింటున్నాను.”

ఆమె చెబుతుంది. మూడేళ్ళ క్రితం బిందె ఎత్తినప్పుడు నడుము కలుక్కుమన్నది. అప్పటినుంచి తగ్గలేదు. ఈమధ్య రాత్రిళ్ళు నిద్ర లేదు. కూతురి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు.

“మూడేళ్ళు ఈ బాధతో పని చేస్తూ వచ్చారంటే మాటలు కాదు. మీ నొప్పి నిజమేనమ్మా. అందులో నాకు అనుమానం లేదు. మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నది ఏమిటి?”

“కాళ్ళు పడిపోతాయేమోనని బాబూ. మా పెద్దమ్మ అట్లాగే మంచాన పడింది.”

“మంచిమాట అడిగారు. అందుకే మీ కాళ్ళ బలం, స్పర్శ అన్నీ పరీక్షించాను. కాళ్ళు పడిపోయే జబ్బు లక్షణాలు మీకు లేవు. ఈ ఫిలిములో కనిపించేవి మీ వయసువారిలో నొప్పి లేనివారికి కూడా ఉంటాయి. మీ నడుము గట్టిదే. దెబ్బ మానింది కాని, దెబ్బకు కాపలా కాసిన నరాలు ఇంకా బెదురుతున్నాయి. ఆ బెదురు మెల్లగా తీర్చాలి. నొప్పి మొత్తం పోతుందని మాట ఇవ్వలేను. మీరు మళ్ళీ చేయాలనుకుంటున్న పని ఒకటి చెప్పండి.”

“రోజూ గుడిదాకా నడిచేదాన్ని బాబూ.”

“అయితే ఈ వారం సందు మలుపుదాకా నడవండి. నొప్పి కొంచెం పెరిగినా నడుము చెడిపోతున్నదని కాదు. పదిహేను రోజులకు మళ్ళీ రండి. తగ్గినా రండి, తగ్గకపోయినా రండి.”

ఈ సంభాషణ అంతా కలిపి నాలుగైదు నిమిషాలు మించదు. వైద్యుడు ఇందులో అబద్ధం చెప్పలేదు, నయమవుతుందని ఆశ పెట్టలేదు. నమ్మాడు, భయమేమిటో అడిగాడు, పరీక్షించి జవాబు చెప్పాడు, చేయదగిన చిన్న పని ఒకటి ఇద్దరూ కలిసి ఎంచుకున్నారు, తలుపు మూయలేదు. బ్రిటన్‌లో 2021లో వెలువడిన అధికారిక మార్గదర్శక సూత్రాలు కూడా ఇదే దారిని సూచించాయి. వేరే కారణం కానరాని దీర్ఘకాలిక నొప్పికి పారాసిటమాల్, వాపు తగ్గించే మాత్రలు, నల్లమందు జాతి ఔషధాలు కొత్తగా మొదలుపెట్టవద్దనీ, వ్యాయామాన్నీ, మానసిక చికిత్సనూ, అవసరమైతే కొన్ని దిగులు నివారక ఔషధాలనూ ఆలోచించవలసినదనీ అవి చెబుతున్నాయి. 2018లో అమెరికాలో నడుము, మోకాలు, తుంటి నొప్పులున్న 240 మందిమీద ఏడాదిపాటు జరిపిన పరిశోధనలో, నల్లమందు జాతి ఔషధాలు సాధారణ ఔషధాలకంటె ఏమాత్రం మెరుగుగా పనిచేయలేదు.

మాటకు ఇంత శక్తి ఉన్నదా అని సందేహించేవారికి కొలరాడోలోని బౌల్డర్ నగర పరిశోధన ఒక సమాధానం. ఏళ్ళ తరబడి స్వల్ప, మధ్యరకపు నడుమునొప్పితో ఉన్న 151 మందిని మూడు జట్లుగా విభజించారు. ఒక జట్టుకు నెలరోజులపాటు, నొప్పి ప్రమాదసూచన కాదని బోధపరచే చికిత్స చేశారు. వారిలో నూటికి 66 మందికి నొప్పి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి సూదిమందు తీసుకున్నవారిలో అది 20, అప్పటివరకు చేయించుకుంటున్న చికిత్సనే కొనసాగించినవారిలో 10. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు, అందరి నొప్పీ మాటతో పోదు. అయినా మాట ఔషధాల పట్టికలో చేరదగినదేనని ఇది తెలుపుతున్నది.

ఒంటి బాధ, ఇంటి బాధ

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, పిమ్మట ఆసుపత్రిలో సంఘసేవిక, ఆ తరువాత వైద్యురాలు. నొప్పి ఎటువంటిదని ఆమె అడిగినప్పుడు, మరణానికి చేరువలో ఉన్న ఒక రోగి వెన్నునొప్పితో మొదలుపెట్టి, ఇంటివారి అలసటనూ, డబ్బు దిగులునూ, ఒంటరితనాన్నీ ఏకరువు పెట్టింది. ఇదంతా కలిపి ఒకే నొప్పి అని సాండర్స్ గ్రహించి దానికి ‘సంపూర్ణ వేదన’ అని పేరుపెట్టారు. ఆంగ్లంలో కొత్తగా చెప్పవలసివచ్చిన ఈ భావం తెలుగులో ‘బాధ’ అన్న మాటలో ముందునుంచీ ఉన్నది. పంటికీ బాధే, అప్పుకూ బాధే, పోయిన బిడ్డకూ బాధే.

కేరళలో డాక్టర్ ఎం. ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు 1993లో కోజికోడ్‌లో ప్రారంభించిన ఉపశమన వైద్యం ఈ గ్రహింపుపైనే నిలిచింది. శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు ఇండ్లకు వెళ్ళి రోగి పక్కన కూర్చుంటారు. హైదరాబాదులోని ఎం. ఎన్. జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ అటువంటి విభాగం పనిచేస్తున్నది. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ దివ్యౌషధం. 1985నాటి మాదకద్రవ్యాల చట్టం దానిని రోగులకు దూరం చేయగా, 2014లో జరిగిన సవరణ ఆ అడ్డంకులను కొంత సడలించింది. నడుమునొప్పికి తగని మందు క్యాన్సర్ నొప్పికి అత్యవసరం. ఈ విచక్షణ కూడా రోగి చెప్పేది విన్నప్పుడే సాధ్యం.

ఇక రోగులూ చేయగలిగినది కొంత ఉన్నది. వైద్యుని వద్దకు వెళ్ళే ముందు నాలుగు సంగతులు మనసులో కూర్చుకోవాలి: నొప్పి ఎటువంటిది, పోటా, మంటా, లాగుడా? ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది? ఏ పని మాన్పించింది? దేనిని తలచుకుని భయం వేస్తున్నది? మందుల దుకాణంలో సొంతంగా కొని వాడిన మాత్రల పేర్లు దాచకూడదు. వెంట వెళ్ళే కొడుకో కూతురో రోగి తరఫున తామే మాట్లాడకుండా, ఆ ఒకటిన్నర నిమిషం పెద్దవారినే చెప్పనివ్వాలి.

ఇంటివారు ‘ఇంకా తగ్గలేదా?’ అని రోజూ అడగడం మాని, ‘ఈరోజు ఎంతదూరం నడిచావు?’ అని అడగడం మేలు. మొదటి ప్రశ్నకు రోగి వద్ద జవాబు ఉండదు. రెండవదానికి ఏదో ఒక జవాబు ఉంటుంది, అది సందు మలుపుదాకానే అయినా సరే.